పక్కింటివాళ్ళ చీలమండ

శ్రావణ శుద్ధ విదియ

పొద్దున్నే మరిడమ్మ గారి పాదాల పండగకి వెళ్ళొచ్చాను. పొట్ట నిండా బూరెలు, చేతిలో ఇంకో గిన్నెడు బూరెలు.

కొత్త చీలమండ పెట్టించుకుని ఏడాది తిరిగిన మనిషి, తన తెప్ప మీద ఈ కొస నుంచి ఆ కొస దాకా చుట్టపక్కాల ముందు నడిచి చూపించాలి. ముందు పిల్లలు, వెనక డప్పులు. నడక అయ్యాక బూరెలు పంచాలి. సముద్రం మీద తేలే మా కొత్తరేవులో దీని ముందు పెళ్ళి కూడా దిగదుడుపే. కాళ్ళ కింద ఊరంతా రాత్రింబవళ్ళు ఊగుతూ ఉంటే ఇంకెలా ఉంటుంది? తెప్పల మీదే బతికేవాళ్ళకి యాభై దాటేసరికి చీలమండ అరిగిపోతుంది. నేల అనేది అసలు ఊగదట. మా అత్త చిన్నప్పుడు దాని మీద నడిచిందట. నాకైతే ఊహించుకుంటేనే కళ్ళు తిరుగుతాయి.

ఆసుపత్రి తరఫున ఈ పండగలన్నిటికీ వెళ్ళేది నేను. నా ఉద్యోగమల్లా ఒక్క ప్రశ్న. "మీరు కోరుకున్నది తీరిందా?" జవాబులు మూడు: తీరింది, కొంత తీరింది, తీరలేదు. నాలుగేళ్ళుగా అడుగుతున్నాను గానీ చివరి రెండు జవాబులూ చెవికి ఎలా వినబడతాయో నాకింకా తెలియదు.

మరిడమ్మ గారు మా పక్కింటావిడ, మా అత్త నూకరత్నానికి చిన్ననాటి స్నేహితురాలు. ఆవిడకి ఒక పక్క డాక్టరమ్మ, ఒక పక్క వియ్యాలవారు, నోట్లో బూరె. ఆ స్థితిలో అడిగాను.

"తీరిందే తల్లీ! నడిత్తే చాలనుకున్నాను, పరిగెట్టించేసింది డాక్టరమ్మ. ఆవిడ కడుపు చల్లగుండ!"

అందరూ చప్పట్లు కొట్టారు. నేను తీరింది అని రాసుకున్నాను.

సాయంత్రం మరిడమ్మ గారే మా గుమ్మంలోకి వచ్చి, "ఏమే నూకరత్నం, బూరెలెలాగున్నాయి?" అనడిగింది. అత్త కాలు వాచి ఉండటంతో పండగకి రాలేకపోయింది. "అమృతమే మరిడీ" అంది. ఆవిడ అటు వెళ్ళగానే మూడో బూరె నోట్లో వేసుకుంటూ, "పప్పు ఉడకలేదే భవానీ, పూర్ణం పలుకుపలుకుగా ఉంది" అంది నాతో.

అత్తకి కూడా చీలమండ మార్చడం ఖాయమైంది. ఆసుపత్రిలో ఉప్పునీళ్ళ తొట్టి ఒకటుంది. మనిషి ఎముకలోంచి చిటికెడు తీసి అందులో వేస్తే పగడంలా పెరిగి చీలమండ అవుతుంది. ఏ ఆకారంలో పెంచాలో తొట్టే తేల్చుకుంటుందట. అత్తది భాద్రపద పౌర్ణమికి తొట్టిలో వేసి, కార్తీకంలో కాలికి పెడతారట. అందాకా ఆవిడ మూలుగులు, నా మీద సణుగుళ్ళు. అలవాటే.

శ్రావణ శుద్ధ సప్తమి

సోలార్ పలకల మీద ఉప్పు తుడిచి, మా వంతు మంచినీళ్ళు పట్టి, మరిడమ్మ గారి గిన్నె తిరిగి ఇవ్వడానికి వెళ్ళాను. ఖాళీ గిన్నె ఇవ్వకూడదు కనుక కాస్త నాచు పచ్చడి వేసుకెళ్ళాను.

ఆవిడ మోకాలెత్తు పీట మీద కూర్చుని వంట చేస్తోంది. పొయ్యిని ఒక పెట్టె మీదకి ఎక్కించింది. కూరలు తరిగే కత్తిపీటని కూడా బల్ల మీదకి ఎక్కించింది, అక్కడ అది గండభేరుండంలా కూర్చుంది.

"కొత్త పీటా అండీ?"

"ముచ్చటపడి చేయించానే."

సరే, ముచ్చట. అక్కడినుంచి ఐదో తెప్పలో వీరలక్ష్మి ఇంటికి పనిమీద వెళ్ళాను. ఆవిడ చీలమండకి రెండేళ్ళు. అక్కడా మోకాలెత్తు పీట. పక్కింటి తాతారావు గారిది మూడేళ్ళ చీలమండ. ఆయనకి రెండు పీటలు, ఒకటి ఇంట్లోకి, ఒకటి వలలు అల్లుకోవడానికి.

తిరిగొస్తూ వడ్రంగి సత్యానందం దగ్గర ఆగాను. కొట్టు ముందు పీటలే పీటలు.

"ఏంటి సత్యానందం గారూ, ఊళ్ళో అందరికీ ఒకేసారి పీటల మీద మోజు పుట్టిందా?"

"నాకేం తెలుసండీ బాబూ. పాదాల పండగైన ఇంటికల్లా ఒక పీట. చెయ్యలేక చత్తన్నాను, ఆయ్."

నాకు అన్నం సహించలేదు.

శ్రావణ శుద్ధ నవమి

ఉండబట్టలేక మరిడమ్మ గారింటికి మళ్ళీ వెళ్ళాను. మగవాళ్ళెవరూ లేరు. తలుపు దగ్గరికి వేసి, "ఒక్కసారి గొంతుక్కూర్చోండి" అన్నాను.

"ఎందుకే?"

"నా కోసం."

ఆవిడ కిందికి వంగింది. కొత్త చీలమండ సగం దూరం బాగానే వంగి అక్కడ ఆగిపోయింది. రాయి అడ్డం పడ్డ తలుపులా ఇంక కదల్లేదు. ఆవిడ పడబోతూ నా మణికట్టు పట్టుకుంది.

"నాచు వరసలోకి రావడం అందుకే మానేశారా? లేసు అల్లికల మీద సరదా పుట్టిందని అత్తతో అన్నారు?"

"మరేం చెప్పనే? ఎవరితోనూ అనకు భవానీ. డాక్టరమ్మ అంత కష్టపడింది, నిద్రాహారాలు మానేసి చేసింది. ఆ మొహం చూసి ఎలా అంటాను? బాధపడుద్ది."

నాచు వరస అంటే ఇక్కడి ఆడవాళ్ళ పని. తెప్ప అంచున, నీళ్ళకి జానెడు ఎత్తులో అందరూ వరసగా గొంతుక్కూర్చుని, తాళ్ళకి నాచు మొక్కలు కట్టి సముద్రంలోకి వదులుతారు. ఊరు తినేది అదే. పీటేసుకుంటే చేతులు నీళ్ళకి అందవు. వరసలో మొదట కూర్చునేది మా అత్త. నీళ్ళలో చెయ్యి పెట్టి, పోటు ఎటు తిరుగుతోందో, తాడు ఎప్పుడు వదలాలో చెప్పేది ఆవిడే. ముప్పై ఏళ్ళుగా ఆ చోటు ఆవిడది. కాలు బాగు చేయించుకుని మళ్ళీ అక్కడ కూర్చోవాలన్నదే ఆవిడ ఆశ. పైకి చెప్పదు గానీ, రోజూ కిటికీలోంచి వరస వైపే చూస్తుంది.

ఇదే చీలమండ అత్తకీ పెడితే ఆవిడ ఇక జన్మలో అక్కడ కూర్చోలేదు. ఆవిడ ఇంట్లో కూర్చుంటే నాకెంత కష్టమో నాకు తెలుసు. ఆవిడకెంత కష్టమో అంతకంటే బాగా తెలుసు. భయమేసింది.

శ్రావణ శుద్ధ ద్వాదశి

డాక్టర్ మెహర్ గారికి చెప్పేశాను. మరిడమ్మ గారి పేరు చెప్పలేదు, పీటల సంగతి చెప్పాను.

ఆవిడ చేతిలో ఉన్న పని ఆపేసి తొట్టి వైపు తిరిగారు.

"నాలుగేళ్ళ క్రితం తొట్టి ఇంకా రకరకాల ఆకారాలు ప్రయత్నించేది భవానీ. జవాబులన్నీ తీరింది, తీరింది అని వచ్చేసరికి ఇదే సరైన ఆకారం అనుకుంది. అప్పట్నుంచీ అదే పెంచుతోంది. నేను కూడా అదే అనుకున్నాను."

"మీరు చెప్పి మార్పించలేరా?"

"నేను చెప్తే వినదు. కాళ్ళున్నవాళ్ళు చెప్తేనే వింటుంది. అందుకే నిన్ను పెట్టుకున్నాం." తర్వాత అడిగారు. "పండగ రోజే వెళ్ళి అడగమన్నది ఎవరు?"

"మీరేనండీ. అందరూ సంతోషంగా ఉంటారని."

ఆవిడ నవ్వలేదు. "అత్తగారిది భాద్రపద పౌర్ణమికి తొట్టిలో వెయ్యాలి. ఈలోగా నిజం జవాబులు తీసుకురా. సగం మంది చెప్పినా తొట్టి ఆలోచన మార్చుకుంటుంది" అన్నారు.

ఇదేమంత కష్టం, వెళ్ళి అడగడమేగా అనుకుంటూ హుషారుగా వచ్చాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

శ్రావణ బహుళ పంచమి

వారం రోజులుగా ఇల్లిల్లూ తిరుగుతున్నాను. పండగ లేదు, చుట్టాలు లేరు, డప్పుల్లేవు. ఒంటరిగా ఉన్నప్పుడు చూసి, గొంతు తగ్గించి మరీ అడుగుతున్నాను.

వీరలక్ష్మి పీట మీద నుంచే "తీరింది" అంది. తాతారావు గారు, "డాక్టరమ్మ మీద ఎవరన్నా ఫిర్యాదు చేశారా ఏంటి? ఎవడాడు?" అని లేచి, బ్రహ్మాండంగా తీరిందని మూడుసార్లు రాయించారు. తొమ్మిదో తెప్పలో ఒకావిడ ఏడుపు మొదలుపెట్టింది, తన వల్ల ఏం తప్పు జరిగిందోనని. ఆవిడని ఓదార్చి, కాఫీ తాగి, తీరింది అని రాసుకుని వచ్చాను. ఇంకొకాయన నన్ను కూర్చోబెట్టి కొత్త కాలితో నాట్యం చేసి చూపించాడు. కూర్చోమన్నాను. "కూర్చోడానికేముందమ్మా, ఎవడైనా కూర్చుంటాడు" అని మళ్ళీ నాట్యం చేశాడు.

ఇంటికొచ్చి అత్త మీద అరిచాను, ఏ కారణమూ లేకుండా. ఆవిడా అరిచింది. కాస్త తేలికపడ్డాం.

శ్రావణ బహుళ దశమి

ఈ రోజు తెప్ప కీళ్ళకి పట్టిన నాచు గోకే వంతు మాది. కీలు దగ్గర కూర్చుని గోకుతుంటే వీరలక్ష్మి నీళ్ళ కడవతో వచ్చి నిలబడింది.

"మొన్న అడిగావు కదా భవానీ. నాదంటే బంగారంలాగుందనుకో. కానీ పాపం ఆ మరిడమ్మది చూశావా? కూకోలేదు, కూకుంటే లేవలేదు. వత్తువులన్నీ బల్లల మీదకెక్కించేసింది. చూత్తంటే కడుపు తరుక్కుపోతందనుకో."

గోకుడు కర్ర నీళ్ళలో పడిపోయింది. పడితే పడిందని మరిడమ్మ గారింటికి పరిగెత్తాను.

"మీ సంగతి అడగనండీ. వీరలక్ష్మిది ఎలా ఉంది?"

"అయ్యో, దాని కాలు కాలేనా? పడవెక్కాలంటే మొగుడు ఎత్తుకెక్కించాలి. పోనీ వాడికేమన్నా ఓపికుందా? దేవుడి గదిలో దీపం పెట్టడానికి వంగలేక దేవుణ్ణే అలమరలోకి మార్చేసింది. ఎవరితోనూ అనకు, నువ్వు కాబట్టి చెప్తన్నాను."

అంతే. మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా ఒకటే ప్రశ్న అడిగాను. పక్కింటివాళ్ళ చీలమండ ఎలా ఉంది? వారం రోజులు నోరు విప్పనివాళ్ళు చాపలు వేశారు, పకోడీలు వేశారు, నన్ను లేవనివ్వలేదు. తాతారావు గారైతే ఎదురింటాయన నాట్యం సంగతి చెప్తూ, "ఎందుకు ఆడతాడనుకున్నావు? కూర్చోలేక!" అన్నారు. ఎవరి కాలు ఎంత దూరం వంగుతుందో, ఎటు పక్క నొప్పి పెడుతుందో, ఏ తిథినాడు ఎక్కువో అన్నీ చెప్పారు. సొంత కాలి గురించి కూడా అంత వివరంగా తెలియదేమో. మధ్యలో కోడళ్ళ సంగతులు, కొలువుల సంగతులు కూడా వచ్చాయి. అవి తొట్టికి అక్కర్లేదు, నాకే ఉంచుకున్నాను.

గొంతు బొంగురుపోయింది. ఇంత సంతోషంగా ఉండి చాలా రోజులైంది.

శ్రావణ బహుళ ఏకాదశి

డాక్టర్ గారికి అన్నీ వినిపించాను. ప్రతి మనిషి గురించీ ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగువాళ్ళు చెప్పారు, అందరి మాటా ఒకటే. ఆవిడ మొదట పకపకా నవ్వారు. దేవుణ్ణి అలమరలోకి మార్చిన సంగతికి కళ్ళ నీళ్ళు తుడుచుకున్నారు. తర్వాత అవి ఆగలేదు.

"ఇన్నేళ్ళుగా నా ముందు ఇన్ని బూరెలు పెట్టారు భవానీ. ఒక్క మాట పెట్టలేదు."

ఆవిడంటే అందరికీ ప్రాణమని చెప్పాను. అది నిజం. అదే అసలు చిక్కని ఇద్దరికీ అర్థమైంది.

జవాబులన్నీ తొట్టికి ఇచ్చారు. ఆకారం చెప్తే వినకపోయినా, ఎవరి మాట వినాలో చెప్తే వింటుందట. ఈసారి పక్కవాళ్ళ మాట కూడా లెక్కలోకి తీసుకోమని నేర్పారు.

భాద్రపద శుద్ధ దశమి

తొట్టి కొత్త ఆకారం ఒకటి తేల్చింది. పూర్తిగా వంగుతుంది. కాకపోతే ఒక ఇబ్బంది ఉందని డాక్టర్ గారు చెప్పారు.

"పాత ఆకారంతో కూర్చోలేరు గానీ, పోటు మీద కూడా పడిపోకుండా నడుస్తారు. అది రుజువైంది. కొత్తదానితో కూర్చోవచ్చు. నడక మాత్రం కాస్త పక్కకి పోవచ్చు. ఎవరికీ ఇంతవరకు పెట్టలేదు. రెంటిలో ఏది కావాలో అత్తగారే చెప్పాలి. నువ్వు కాదు, నేను కాదు."

ఇంటికొచ్చేసరికి అత్త నిప్పులు చెరుగుతోంది. నేను ఇల్లిల్లూ తిరిగి ఏం అడిగానో మరిడమ్మ గారు చెప్పేశారట.

"ఊళ్ళోవాళ్ళ కాళ్ళన్నీ బజార్లో పెట్టావు కదే! నీకు సిగ్గుండక్కర్లా?"

"నీ కోసమే అత్తా. రేపు పౌర్ణమికి డాక్టరమ్మ అడిగితే కూర్చోవాలని చెప్పు."

"చెప్పను. నడిత్తే చాలంటాను."

"నడిస్తే చాలా? మరి ఆ కిటికీ దగ్గర రోజంతా ఏం చేస్తున్నావు?"

అత్త కాలు సవరించుకుని, గొంతు తగ్గించి అంది. "పెద్ద ఆశ చెప్తే ఇచ్చేవాళ్ళకి బరువే. అడిగింది రాకపోతే ఇద్దరికీ సిగ్గు. చిన్నది అడిగామనుకో, ఎంతొచ్చినా పండగే."

కోపం వచ్చింది, జాలీ వేసింది. వెళ్ళి అంట్లు తోమాను.

భాద్రపద పౌర్ణమి

ఇవాళ తెప్ప బాగా ఊగుతోంది. అత్తని చక్రాల కుర్చీలో ఆసుపత్రికి తీసుకెళ్ళాను. తొట్టి పక్కన కూర్చోబెట్టారు. డాక్టర్ గారు రెండు ఆకారాల నమూనాలూ బల్ల మీద పెట్టి, సంగతంతా నెమ్మదిగా చెప్పి, "మీకేం కావాలి నూకరత్నం గారూ?" అనడిగారు.

"నాకేం కావాలి తల్లీ. నడిత్తే చాలు."

డాక్టర్ గారు నా వైపు చూశారు. నేను అత్త వైపు చూశాను. ఆవిడ తొట్టిలోకి చూస్తోంది. డాక్టర్ గారు పాత ఆకారం నమూనా వైపు చెయ్యి చాపారు.

"అత్తా," అన్నాను. "నీ సంగతి వదిలెయ్. మరిడమ్మ గారికి ఇప్పుడు మొదటిసారి చీలమండ పెడుతున్నారనుకో. ఏం పెట్టమంటావు?"

"మరిడికా?" అత్త ఒక్కసారిగా ఇటు తిరిగింది. "దానికి కూకోడం కావాలి. ఇంకేం కావాలి దానికి? నడిచి ఎక్కడికెళ్ళాలంట? ఈ కొసనుంచి ఆ కొసకేగా, కాస్త పక్కకి పోతే మాత్రం ఏమైంది? వరసలో కూకోవాలి డాక్టరమ్మా అది. నీళ్ళలో చెయ్యెట్టాలి. పక్కనున్నవాళ్ళని ఆడిపోసుకోవాలి. పద్నాలుగేళ్ళ పిల్లప్పట్నుంచీ అక్కడే కూకుందది. ఇప్పుడు ఇంట్లో పీటమీద కూకుని లేసు అల్లుతుంటే... అది మరిడి కాదు తల్లీ. ఎవరో."

తొట్టిలో నీళ్ళు తెప్పతో పాటు అటూ ఇటూ ఊగుతున్నాయి.

"మరి మీకు?" అన్నారు నెమ్మదిగా.

అత్త చీర కొంగు వేలికి చుట్టుకుంది, విప్పింది.

"నాకూ అదే" అంది.

మార్గశిర శుద్ధ షష్ఠి

కార్తీకంలో కొత్త చీలమండ పెట్టారు. ఇంతకాలం రాయడానికి తీరలేదు. కట్టు కట్టిన కాలు దిండు మీద పెట్టుకుని అత్త ఇల్లంతా నడిపిస్తోంది. పప్పులో ఉప్పు తక్కువ, పలకల మీద ఉప్పు ఎక్కువ, అన్నీ నా తప్పే. మా ఆయన లోవరాజు మంచినీళ్ళ తెప్ప మీద అదనపు వంతు వేయించుకుని హాయిగా తప్పించుకు తిరుగుతున్నాడు.

ఇవాళ కట్టు విప్పారు. గోడ పట్టుకుని నాలుగడుగులు వేసింది. డాక్టర్ గారు చెప్పినట్టే నడక పక్కకి పోతోంది, అచ్చం పీత నడక. మరిడమ్మ గారు చూసి పడీ పడీ నవ్వింది.

"నవ్వు, నవ్వు" అంది అత్త. "వంగుద్దో లేదో తేలనీ, అప్పుడు నీ మొహం చూత్తాను."

వంగడం ఇంకా కాస్తే. రోజూ నూనె రాసి నేనే వంచుతున్నాను. వంగక ఆగిన ప్రతిసారీ ఒకటే ఆలోచన. నేను పుల్ల పెట్టకపోతే ఈపాటికి తిన్నగా నడిచేదేమో కదా. ఆ మాట అత్త ఒక్కసారి కూడా అనలేదు. అంటే బాగుండుననిపిస్తోంది.

పుష్య అమావాస్య

పోటు ఉధృతంగా ఉంది. అత్త వాకిట్లోకి వచ్చి పక్కకి జారింది. నేను అరుస్తూ పరిగెత్తేలోపు దారి వెంట కట్టిన తాడు పట్టుకుని నిలబడింది. పడలేదు.

"ఏంటా అరుపు? చచ్చిపోలేదులే" అంది. ముఖం మాత్రం పాలిపోయింది. లోపలికి తీసుకొచ్చి పాలు కాచి ఇచ్చాను. ఇద్దరం చాలాసేపు పోట్లాడుకోకుండా కూర్చున్నాం.

మాఘ శుద్ధ ఏకాదశి

సగాన్ని దాటి వంగింది! రాయి అడ్డం లేదు. అత్త మంచం కోడు పట్టుకుని కిందకంటా దిగి, మడమలు చాపకి ఆనించి కూర్చుంది. నన్ను పిలిచి, చూడమన్నట్టు చూసింది. నేను అక్కడే నిలబడి ఏడ్చేశాను. సిగ్గుపడాల్సిన పనేం లేదు, అందుకే రాస్తున్నాను.

మరిడమ్మ గారు చూసి ఈసారి నవ్వలేదు. మధ్యాహ్నం ఆసుపత్రికి వెళ్ళి, పక్కింటావిడ ప్రమేయం లేకుండా, తన కాలి గురించి తానే డాక్టరమ్మకి చెప్పుకుందట. చెప్పి, ఆవిడ బాధపడుతుందేమోనని కాసేపు ఓదార్చి వచ్చిందట.

ఫాల్గుణ శుద్ధ అష్టమి

డాక్టర్ గారు పద్ధతి మార్చారు. పండగ పండగే, ప్రశ్న ప్రశ్నే. ఏడాది దాకా ఆగక్కర్లేదు, మామూలు రోజున, మనిషి పనిలో ఉన్నప్పుడు, పక్కన ఎవరూ లేకుండా చూసి అడగాలి. మొదట అత్తనే అడగమన్నారు.

అష్టమి కనుక సముద్రం నెమ్మదిగా ఉంది. అత్త పొద్దున్నే పీత నడకతో వరసకి వెళ్ళింది. ఆవిడ చోటు ఎవరూ తీసుకోలేదు, ఇన్ని నెలలూ ఖాళీగానే వదిలారు. ఆడవాళ్ళంతా తాళ్ళు చేతిలో పట్టుకుని ఊపిరి బిగబట్టి చూశారు. అత్త అంచు దగ్గర నిలబడి, కొంగు దోపి, నెమ్మదిగా కిందికి దిగి కూర్చుంది. నీళ్ళలో చెయ్యి పెట్టి కళ్ళు మూసుకుంది.

"ఇప్పుడే తిరిగింది" అంది. "వదలండి."

తాళ్ళన్నీ నీళ్ళలోకి జారాయి. అంతే, ఆ తర్వాత ఎవరూ ఆవిడ కాలి గురించి మాట్లాడలేదు. మరిడమ్మ గారి ఇంట్లో రేగిన కొత్త గొడవ గురించి మాట్లాడుకున్నారు.

మధ్యాహ్నం అన్నాలకి అందరూ లేచి వెళ్ళిపోయారు. అత్త మాత్రం లేవలేదు. ఇన్నాళ్ళకి దొరికిన చోటు కదా, వదలబుద్ధి కావడం లేదేమో అనుకున్నాను. పక్కన ఎవరూ లేరు. ఇదే అదనని వెళ్ళి ఆవిడ పక్కన చతికిలబడ్డాను. అత్తే అయినా పద్ధతి ప్రకారమే అడిగాను.

"నూకరత్నం గారూ, మీరు కోరుకున్నది తీరిందా?"

అత్త నన్ను ఎగాదిగా చూసింది. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని తేల్చుకుని, నీళ్ళ వైపు తిరిగి చెప్పింది.

"కొంత."

"కొంతా?" అన్నాను.

"కూకోడం తీరింది. అది నిజం, పూర్తిగా తీరింది. లేవడమే తీరలేదు. అందరితో పాటు లేద్దామని చూశాను, కాలు రాలేదు. వాళ్ళు చూడకూడదని ఇంకా పనున్నట్టు ఊరికే కూకున్నాను. రాసుకో."

రాసుకున్నాను. కొంత తీరింది. నాలుగేళ్ళ ఉద్యోగంలో ఆ మాట రాయడం ఇదే మొదలు. బాధపడాలి కదా, బాధగానే ఉంది. కానీ ఇన్నేళ్ళలో నేను విని నమ్మిన మొదటి జవాబు కూడా అదే. అది నాకే చెప్పింది అత్త, మరిడమ్మ గారికి కాదు, కొడుక్కి కాదు.

"రాయడం అయిందా?"

"అయింది అత్తా."

"అయితే చూత్తావేంటే? చెయ్యియ్యి."

ఇచ్చాను. బరువంతా నా చేతి మీద వేసి లేచింది. ఇద్దరం కాస్త తూలాం, నిలదొక్కుకున్నాం.

"రోజూ ఈ వేళకి వచ్చెయ్" అంది కొంగు దులుపుకుంటూ. "నువ్వు రాకపోతే నేనిక్కడే ఉండిపోతాను, నీకే హాయి."

"నాకంత అదృష్టమా" అన్నాను.

ఎన్నడూ లేనిది గట్టిగా నవ్వింది. ఆవిడ పక్కకి, ఆవిడతో పాటు నేనూ పక్కకి, ఇద్దరం పీతల్లా నడుచుకుంటూ వచ్చాం. లేచిన తర్వాత ఇక నా చెయ్యి పట్టుకోవాల్సిన పని లేదు. అయినా ఇంటిదాకా వదల్లేదు.